అరిగింది వేరు, కరిచేది వేరు

చెప్పుల మీద వ్యాసమేమిటని ముఖం చిట్లించకండి. చీరల మీద రాస్తే చదువుతాం, నగల మీద రాస్తే కత్తిరించి దాచుకుంటాం, వంటల మీద రాస్తే పక్కింటావిడకి కూడా చూపిస్తాం. పొద్దున్న గుమ్మం దాటింది మొదలు మన బరువంతా మోసేవాటి గురించి రాస్తే మాత్రం "ఇంకేం దొరకలేదా ఈవిడకి?" అంటాం. నిజానికి ఒక ఇంటి సంగతి తెలుసుకోవాలంటే హాల్లో సోఫా చూడనక్కర్లేదు, గుమ్మం దగ్గర విడిచిన జతలు చూస్తే చాలు. ఎవరి మడమ ఒక పక్కకే అరిగింది, ఎవరి బొటనవేలి దగ్గర గుంట పడింది, ఎవరి తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. పిన్నీసు అంటే గుర్తొచ్చింది. మన ఆడవాళ్ళ గాజులకి వేలాడే పిన్నీసుల్లో ఒక్కటైనా ఎప్పుడో ఒకప్పుడు బస్టాండులో తెగిన చెప్పుని కాపాడే ఉంటుంది. అంటే చెప్పులు బాగుచేసే విద్య మనకి కొత్తేమీ కాదన్నమాట.

అయితే నన్ను నాలుగు రోజులు ఆలోచనలో పడేసినవి మామూలు చెప్పులు కావు, సైకిలు బూట్లు. మా వదిన హైదరాబాదులో ఉంటుంది. యాభై రెండేళ్ళు. డాక్టరు నడవమంటే ఆవిడ ఏకంగా సైకిలెక్కింది. అక్కడ ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున, పైన సోలార్ పలకలే కప్పుగా వేసి సైకిళ్ళకోసం ఒక దారి కట్టారు. 2023 అక్టోబరులో తెరిచారు. కింద మనుషులు సైకిలు తొక్కుతుంటే పైన ఎండ కరెంటుగా మారుతూంటుంది. ఆదివారం తెల్లవారుజామున ఆవిడ అక్కడే ఉంటుంది, నెత్తిన హెల్మెట్టు, కాళ్ళకి ఈ బూట్లు.

"సైకిలుకి ప్రత్యేకం బూట్లెందుకమ్మా? మేం పరికిణీ దోపుకుని, ఉత్తికాళ్ళతో తొక్కలేదూ?" అంది మా అమ్మ. న్యాయమైన ప్రశ్నే. వదిన ఓపిగ్గా చెప్పింది. మామూలు చెప్పు అడుగు మెత్తగా వంగుతుంది, మనం నొక్కిన బలంలో కొంత ఆ వంగడంలోనే పోతుంది. సైకిలు బూటు అడుగు పలకలా బిరుసుగా ఉంటుంది, వంగదు. దాని కింద మరలతో బిగించిన చిన్న ముక్క ఒకటి ఉంటుంది, క్లీట్ అంటారు. అది పెడల్లోకి టక్కున దిగి పట్టుకుంటుంది. మడమ పక్కకి తిప్పితే విడిచిపెడుతుంది. పూర్వం పందేలవాళ్ళు పాదాన్ని తోలు పట్టీలతో పెడల్‌కి కట్టేసుకునేవారు, పడితే సైకిలుతో సహా పడేవారు. మంచుమీద జారే స్కీలకి కాలు పట్టే బిగింపుని చూసి, 1984లో ఫ్రాన్సులో లుక్ అనే కంపెనీ ఈ కొత్త పెడల్ తెచ్చింది. మరుసటేడు బెర్నార్ ఇనో దానితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. తర్వాత పట్టీలు మూలపడ్డాయి. గట్టిగా పట్టుకోవాలి, అవసరమైతే క్షణంలో విడిచిపెట్టాలి. బంధాలక్కూడా ఇలాంటి పెడల్ ఎవరైనా కనిపెడితే బాగుండు!

సరే, వదిన బూట్లకి మూడేళ్ళు నిండాయి. ఎడమ బూటు ముందు భాగాన రబ్బరు అడుగు నోరు తెరిచింది. మడమ అరిగింది. పట్టీ అంటుకోవడం మానేసింది. ఇక్కడే ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో, "అమ్మా, పారేసెయ్. కొత్తవి నేనిక్కణ్ణించే ఆర్డరు పెట్టేస్తా, రేపటికి వచ్చేస్తాయి" అన్నాడు. వదిన, "ఒక్క అడుగేరా ఊడింది, తక్కిందంతా నిక్షేపంలా ఉంది. నేనే అతికించుకుంటా" అంది. మా అమ్మ రెండు మాటలూ విని, "చెప్పులు ఇంట్లో కుట్టుకోవడమేమిటమ్మా? అది మనం చేసే పనా? వీధి చివర అతనున్నాడుగా" అంది.

చూడండి, మూడు వాక్యాలు. మూడింటి వెనకా మూడు పెద్ద సిద్ధాంతాలున్నాయి. పాడైనదాన్ని ఏం చేయాలి? పారేయాలా, బాగుచేయాలా? బాగుచేస్తే ఎవరు చేయాలి? ఎంతవరకు చేయాలి? వేదాంతమంటే హిమాలయాల్లోనే ఉంటుందనుకుంటాం గానీ, అప్పుడప్పుడు అది గుమ్మం దగ్గర నోరు తెరిచిన బూటు రూపంలో కూడా వస్తుంది.

ముందు వదిన ఏం చేసిందో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. చాలామంది చేసేది, క్షణంలో అతుక్కునే జిగురు నాలుగు చుక్కలు పోసి నొక్కడం. ఆ జిగురు ఆరాక గాజులా పెళుసవుతుంది, రబ్బరు వంగేచోట పటుక్కున విరుగుతుంది. వదిన అలా చేయలేదు. ముందు నోరు తెరిచినచోట పాత జిగురంతా గీకింది. దుమ్ము దులిపి, రెండు వైపులా ఎమరీ కాగితంతో గరుకు చేసింది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టింది. తర్వాత రబ్బరు జిగురు, పంక్చరు షాపులో సొల్యూషన్ అంటామే, ఆ జాతిది, రెండు వైపులా పల్చగా రాసింది. రాసి, చేతులు కట్టుకుని కూర్చుంది. పది పదిహేను నిమిషాలు. వేలు పెడితే అంటుకోనంతగా ఆరాక, అప్పుడు రెండూ కలిపి గట్టిగా నొక్కి, పాత సైకిలు ట్యూబు ముక్కతో చుట్టి కట్టి, ఒక రోజంతా వదిలేసింది. పంక్చరు వేసే కుర్రాడు సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఆగి, అప్పుడు ముక్క అతికించడం మనమందరం చూసిందే. తడిగా ఉన్నప్పుడు అతికిస్తే నిలవదు. ఎందుకు ఆగుతాడో ఎప్పుడైనా అడిగామా?

పట్టీ సంగతి ఇంకా సులువు. పట్టీమీది సన్నని కొక్కేల్లో వెంట్రుకలు, నూలుపోగులు నిండిపోయాయి. సూదితో ఒక్కొక్కటే లాగేస్తే మళ్ళీ పట్టుకోవడం మొదలెట్టింది. పక్కన కుట్లు విడినచోట మైనం రాసిన దారం రెండు కొసలకీ రెండు సూదులు ఎక్కించి, పాత రంధ్రాల్లోంచే అటునించొకటి ఇటునించొకటి తీసింది. ఇలా కుడితే ఒకచోట దారం తెగినా రెండో వైపు దారం పట్టి ఉంచుతుంది. క్లీట్లు ఎలాగూ విడిగా అమ్ముతారు. అరిగితే మరలు విప్పి కొత్తవి బిగించుకోవడమే. మొత్తం ఖర్చు ఒక సినిమా టిక్కెట్టంత కూడా కాలేదు. కాకపోతే ఒక మధ్యాహ్నం నిద్ర పోయింది.

ఆ పని చేస్తూ వదిన ఒక మాటంది. "చూశావా, ఈ బూట్లు సైకిలు తొక్కడంవల్ల అరగలేదు. నడవడంవల్ల అరిగాయి." నిజమే! పెడల్ మీద ఉన్నంతసేపు ఈ బూటు అడుగు నేలని తాకదు. సిగ్నల్ దగ్గర దిగి నిలబడ్డప్పుడు, టీకొట్టుదాకా నాలుగడుగులు వేసినప్పుడు, మెట్లెక్కినప్పుడు అరుగుతుంది. అందులోనూ ఎడమది ముందు అరుగుతుంది, ఎందుకంటే ఆగినప్పుడల్లా రోడ్డువారకి ఆనించేది ఆ కాలే. కుడిది పెడల్ మీద హాయిగా కూర్చుంటుంది.

ఆ మాట వినగానే నాకు చాలామంది ఆడవాళ్ళ ముఖాలు గుర్తొచ్చాయి. మనం దేనికోసం తయారయ్యామో ఆ పనిలో అరగం. పాడేవాళ్ళు పాడి అరగరు, పాఠం చెప్పేవాళ్ళు పాఠం చెప్పి అరగరు. ఆ పనికీ ఆ పనికీ మధ్య ఉన్న నడకలో అరుగుతారు. బస్సుకోసం నిలబడ్డంలో, గ్యాసు బండకోసం ఎదురుచూడ్డంలో, "ఆఫీసునించి వస్తూ వస్తూ కాస్త అవీ ఇవీ పట్టుకురా" అన్నదాంట్లో అరుగుతారు. ఇక ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా, ఎక్కడ ఏ పని ఆగిపోయినా, ముందు దిగి కాలు ఆనించేది ఒక్కరే ఉంటారు. సంసారం పడిపోకుండా నిలబడుతుంది, నిజమే. కానీ ఆ ఒక్క కాలే అరుగుతుంది. రెండు బూట్లూ ఒకేసారి కొన్నవే కదా, ఇదొక్కటే ఇంత పాతగా ఎందుకుందని ఎవరూ అడగరు.

ఇప్పుడు మేనల్లుడి సిద్ధాంతానికి వద్దాం. పారేసెయ్! మాట ఎంత తేలిక! పారేయడమంటే మన కంటికి కనిపించకుండా చేయడమేగాని, లేకుండా చేయడం కాదు. ఒక్క బూటులో నైలాను, రబ్బరు, నురుగు, బట్ట, లోహం, వాటన్నిటినీ పట్టి ఉంచే జిగురు ఉంటాయి. వాటిని మళ్ళీ విడదీసి దేనికది వాడుకోవడం చాలా కష్టం. అందుకే అవి ఏ ఊరి చివరో చెత్తగుట్ట మీద మనకంటే ఎక్కువకాలం బతుకుతాయి. ఈ సంగతి ఇప్పుడు ప్రభుత్వాలకీ తలకెక్కుతోంది. చెప్పులూ బట్టలూ బాగుచేయించుకుంటే బిల్లులో కొంత తగ్గించే పథకం ఫ్రాన్సులో 2023 నవంబరులో మొదలుపెట్టారు. మన దేశంలోనూ వినియోగదారుల శాఖవాళ్ళు 2022 డిసెంబరులో 'బాగుచేయించుకునే హక్కు' పేరుతో ఒక ఏర్పాటు చేశారు, కంపెనీలు విడిభాగాల వివరాలు, మరమ్మతు వివరాలు జనానికి అందుబాటులో పెట్టాలని. హక్కు! మా అమ్మమ్మ వింటే నవ్వేది. సత్తుగిన్నెకి మాట్లు వేయించుకోవడానికి, చిరిగిన దుప్పట్లు కలిపి బొంత కుట్టుకోవడానికి ఆవిడ ఎవర్నీ హక్కు అడగలేదు.

అయితే పిల్లవాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాడు డబ్బు మదంతో ఆ మాట అనలేదు. అమ్మ పాత బూట్లతో పడుతుందేమోనని భయంతో అన్నాడు. దూరంగా ఉన్నవాళ్ళ ప్రేమకి చేతులుండవు, కొనడం తప్ప ఏం చేయగలదు? పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించే వీలు వాడికి లేదు. కాబట్టి పారేసెయ్ అన్నవాళ్ళందరూ దుబారా మనుషులు కారు, బాగుచేసుకునేవాళ్ళందరూ పుణ్యాత్ములూ కారు. మన బంధువుల్లోనే చూడండి. కట్టుకున్నావిడ చెప్పు మూడోసారి కుట్టించి, తను మాత్రం స్నేహితుల ముందు కొత్త బూట్లలో తిరిగే మహానుభావులు లేరూ? పొదుపు ఎప్పుడూ ఒక్కరి కాలికే వస్తుంటే దాన్ని పొదుపు అనకూడదు.

ఇక మా అమ్మ అన్న మాట. "అది మనం చేసే పనా?" ఇందులో 'మనం' అన్న మాటే అసలు ముల్లు. అమ్మ చెడ్డమనిషి కాదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. కానీ ఆ మాట ఆవిడ నోట్లో ఆవిడకి తెలియకుండానే ఉంది, చాలా తరాలనించి ఉంది. పాదుకల్ని సింహాసనం మీద పెట్టి రాజ్యమేలిన భరతుడి కథ కళ్ళనీళ్ళతో వింటాం. ఆ పాదుకలు చేసిన చేతులకి మాత్రం ఊరవతల చోటిచ్చాం. తోలు తీయడం, ఊనడం, కోయడం, కుట్టడం ఇంత తెలివైన పని ఒక కులానికి అంటగట్టి, ఆ పని చేస్తున్నారు కాబట్టే తక్కువవాళ్ళన్నాం. వాళ్ళు కుట్టిన చెప్పు లేకుండా మాత్రం ఎండలో అడుగు వేయలేదు.

12వ శతాబ్దంలో బసవేశ్వరుడి కాలంనాటి హరళయ్య కథ మీరు వినే ఉంటారు. బసవన్న తనకి మారు నమస్కారం చేశాడని, ఆ రుణం తీర్చుకోలేనని, హరళయ్యా ఆయన భార్య కల్యాణమ్మా తమ తొడల చర్మంతో చెప్పులు కుట్టి ఇచ్చారట. బసవన్న వాటిని కాళ్ళకి తొడుక్కోలేక నెత్తిన పెట్టుకున్నాడట. ఇంతవరకు భక్తి కథ, అందరికీ నచ్చుతుంది. తర్వాతిది మనం అంతగా చెప్పుకోం. ఆ హరళయ్య కొడుక్కి బ్రాహ్మణుడైన మధువరసు కూతుర్నిచ్చి పెళ్ళి చేసినందుకు బిజ్జలుడు ఇద్దరు తండ్రుల్నీ క్రూరంగా చంపించాడు. అంటే ఏమిటి? చెప్పులు నెత్తిన పెట్టుకోవడం కన్నా వియ్యమందుకోవడం కష్టమని. పనిని పొగడ్డం సులువు, పనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడమే కష్టం.

గాంధీగారు దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. 1910లో మొదలైన టాల్‌స్టాయ్ ఫారంలో ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ నేర్పాడు. జైల్లో ఉండగా ఒక జత కుట్టి, 1914లో ఆ దేశం విడిచి వస్తూ, తనని జైల్లో పెట్టిన జనరల్ స్మట్స్‌కే కానుకగా పంపారు. స్మట్స్ వాటిని చాలా వేసవులు తొడుక్కుని, గాంధీగారికి డెబ్భై ఏళ్ళు వచ్చినప్పుడు, 1939లో, అంతటివాడి చెప్పుల్లో కాలు పెట్టే అర్హత తనకి లేదనిపించిందంటూ తిప్పి పంపాడు. గొప్ప సంగతే. కానీ ఒకటి గమనించాలి. బారిస్టరు చెప్పులు కుడితే చరిత్రకెక్కుతుంది. తాతముత్తాతలనించి కుడుతున్నవాడి పేరు అతని చేత కుట్టించుకున్న వీధిలోనే ఎవరికీ తెలియదు. ఇష్టపడి పట్టుకున్న ఆరెకీ, పుట్టుకతో చేతిలో పెట్టిన ఆరెకీ చాలా తేడా ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం బూటు అతికించుకుని, 'నేను కులం దాటేశాను' అని ఎవరైనా అనుకుంటే అంతకన్నా హాస్యం లేదు.

మరి ఇంట్లో చేసుకుంటే వీధి చివర అతని పొట్ట కొట్టినట్టు కాదా? ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి. నాకు తోచిన సమాధానం ఇది. మనం బాగుచేసుకోవడంవల్ల అతనికి బేరాలు తగ్గలేదు, మనం పారేయడంవల్ల తగ్గాయి. బాగుచేయడం అనే ఆలోచన ఇంట్లో బతికుంటేనే, మనవల్ల కాని పని అతని దగ్గరికి వెళ్తుంది. వదిన జిగురుపని తనే చేసుకుంది కానీ, మడమకి కొత్త రబ్బరు వేయించడానికి అతని దగ్గరికే వెళ్ళింది. పైగా ఒకసారి రెండు సూదులతో గంటసేపు కుస్తీ పట్టి, వేలికి రెండు పోట్లు పొడిపించుకున్నాక, అతను ఎంత అడిగితే అంత మాట్లాడకుండా ఇచ్చి వచ్చింది. పని తెలియని చెయ్యే పదిరూపాయలకి బేరమాడుతుంది. ఒక్క కుట్టు వేసి చూసిన చెయ్యి బేరమాడదు. ఇంట్లో ఈ పని చేసుకోవడంలో డబ్బు మిగలడం కన్నా పెద్ద లాభం ఇదేనని నాకనిపిస్తుంది. ఇంకొకరి పని బరువు మన వేళ్ళకి తెలియడం.

ఇంతవరకు చదివి, "అయితే బాగుచేయడమే ధర్మమంటావు" అని తేల్చేయకండి. అసలు చిక్కు ఇప్పుడే వస్తుంది. అన్నిటినీ బాగుచేయలేం, చేయకూడదు కూడా.

కొన్ని బూట్ల అడుగున పాలీయురిథేన్ అనే నురుగు పదార్థం వాడతారు. దాన్ని గాలిలో తేమ లోపల్లోపలే విడగొడుతూంటుంది. విచిత్రమేమిటంటే రోజూ తొడుక్కున్న జతకన్నా, మంచివని పెట్టెలో దాచిన జతే ఒక్కోసారి ముందు పాడవుతుంది. ఏళ్ళ తర్వాత పెళ్ళికని తీసి నాలుగడుగులు వేసేసరికి అడుగంతా అరిసెపిండిలా రాలిపోతుంది. దానికి జిగురు రాస్తే ఏం లాభం? పొడిని పట్టుకునే జిగురు లేదు. మన పట్టుచీరలు చూడలేదూ? కట్టుకుంటే చిరగవు, ఒకే మడత మీద ఏళ్ళతరబడి బీరువాలో ఉంచితే ఆ మడత మీదే చిట్లుతాయి. వాడకంవల్ల వచ్చిన అరుగుదలని బాగుచేయవచ్చు. వాడకుండా దాచడంవల్ల వచ్చిన శిథిలానికి మందు లేదు. వస్తువులకే కాదు, ఎప్పుడో నేర్చుకుని 'పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ చూద్దాంలే' అని పెట్టెలో పెట్టిన వీణకీ, చదువుకీ, స్నేహాలకీ కూడా ఇదే వర్తిస్తుంది.

ఇంకో రకం ఉంది. అరగలేదు, చిరగలేదు, చూడ్డానికి నవనవలాడుతూంటుంది, కానీ కరుస్తుంది. కొత్త చెప్పు నాలుగు రోజులు కరవడం సహజం, దూది పెట్టుకుంటాం, కొబ్బరినూనె రాస్తాం, తోలు మెత్తబడి కాలికి అలవాటవుతుంది. కానీ కొలతే తప్పయితే? పది రోజులైనా, పదేళ్ళయినా అది కరుస్తూనే ఉంటుంది. దానికి కుట్టు వేసినా, జిగురు రాసినా కరవడం మానదు. బాగుచేయడానికి అందులో పాడైనదేమీ లేదు మరి! పాడవుతున్నది కాలు.

నాకు కోపం వచ్చేదిక్కడే. మన ఆడపిల్లలకి బాగుచేయడం చాలా శ్రద్ధగా నేర్పుతాం. విరిగిన మాట అతికించడం, తెగిన బంధుత్వం ముడివేయడం, చిరిగిన పరువు కనిపించకుండా కొంగు కప్పడం. "నువ్వే కాస్త సర్దుకో తల్లీ, సంసారమన్నాక" అని ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దావిడ సూదీ దారం పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. కానీ అరిగినదానికీ కరిచేదానికీ తేడా మాత్రం ఎవరూ చెప్పరు. ఇరవై ఏళ్ళు కలిసి నడిచి, మాటల్లో పట్టు తగ్గి, ఎక్కడో ఒకచోట నోరు తెరిచిన సంసారం అరిగిన బూటులాంటిది. దాన్ని తప్పకుండా కూర్చుని బాగుచేసుకోవాలి. పాత జిగురు గీకాలి, దుమ్ము దులపాలి, రెండు వైపులా జిగురు రాయాలి. రెండు వైపులా అన్నది మర్చిపోకండి, ఒక్క వైపే రాస్తే అతకదు. రాసిన వెంటనే నొక్కేయకుండా కాస్త ఆరనివ్వాలి. కోపం తడిగా ఉన్నప్పుడు చేసిన రాజీలు మూడోనాటికి ఊడిపోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు!

కానీ చెయ్యి చేసుకునేవాడితో, ప్రతిరోజూ మాటతో పొడిచేవాడితో ఉన్నది అరుగుదల కాదు, కరవడం. దానికి ఓర్పు అనే దూది ఎంత పెట్టినా పుండు పెద్దదవుతుందిగాని చెప్పు మారదు. అప్పుడు కూడా 'బాగుచేసుకో' అని చెప్పడం, చెప్పుకి సరిపడేలా కాలు చెక్కుకోమని చెప్పడమే. ఇక్కడ పారేయడం దుబారా కాదు, కాలిమీద దయ.

మిళిందుడనే యవనరాజుకీ నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకీ జరిగిన సంవాదం ఒకటుంది. నువ్వెక్కి వచ్చిన రథమంటే ఏమిటి, చక్రాలా, ఇరుసా, కాడా, అని భిక్షువు అడుగుతాడు. ఏ ఒక్కటీ రథం కాదు, అన్నీ కలిసినప్పుడు పెట్టుకున్న పేరే రథమని తేలుతుంది. వదిన బూటుకీ ఇదే ప్రశ్న వేయొచ్చు. క్లీట్లు కొత్తవి, మడమ కొత్తది, రేపు లోపలి మెత్త మారుస్తుంది, ఎల్లుండి పట్టీ మారుస్తుంది. అప్పటికది పాత బూటా, కొత్తదా? నవ్వుకోవచ్చుగాని, మనకి ఇది నవ్వులాట ప్రశ్న కాదు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కూరలో కారం మారింది, నిద్రలేచే వేళ మారింది. ఇన్ని భాగాలు మార్చాక మిగిలింది నేనేనా అని, ఏ మధ్యాహ్నమో తలుపేసుకుని ఒక్కసారైనా అనుకోని ఆడది ఉంటుందా?

దీనికి భిక్షువు అంతటి సమాధానం నా దగ్గర లేదు. కానీ బూటు దగ్గర ఒకటి దొరికింది. ఎన్ని భాగాలు మార్చినా అది ఆ కాలికే సరిపోతున్నంతకాలం ఆ బూటే. మూడేళ్ళు తొడుక్కున్న బూటు లోపల వేళ్ళ గుంటలు, మడమ ముద్ర, ఆ మనిషికే ప్రత్యేకంగా పడి ఉంటాయి. కొత్త జతలో లేనిది అదే. ఆ ముద్ర నిలబెట్టడానికి చేసిన ప్రతి మార్పూ మరమ్మతే. ఆ ముద్ర చెరిపి ఇంకొకరి కాలి కొలతకి సాగదీస్తే, కుట్టు ఎంత అందంగా ఉన్నా అది మరమ్మతు కాదు, కబ్జా.

కాబట్టి పాడైనది ఏది చేతికొచ్చినా, అది బూటు కావచ్చు, బంధుత్వం కావచ్చు, మనమే కావచ్చు, సూదీ దారం తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఇది ఎవరి కాలి కొలతకి బాగవుతోంది? మనదైతే మధ్యాహ్నం నిద్ర పోయినా ఫరవాలేదు, కూర్చుని కుట్టుకుందాం. చేతకాకపోతే చేతనైనవాళ్ళని మర్యాదగా అడుగుదాం, అడిగినంత ఇద్దాం. మనది కాకపోతే ఎవరెన్ని సుద్దులు చెప్పినా విడిచి నడుద్దాం. అరిగిందా, కరుస్తోందా అన్నది చూసేవాళ్ళకి తెలియదు, అమ్మినవాళ్ళకి తెలియదు, 'ఎంత చక్కగా ఉన్నాయో' అని మెచ్చుకునేవాళ్ళకి అసలే తెలియదు. అది కాలికే తెలుస్తుంది. దాని మాట వినడం మాత్రం మనం నేర్చుకోవాలి.